గోల్కొండ గోరీలపై రంగు పలకలు

అజీజ్‌నగర్ వైపు నుండి హైదరాబాదుకు వచ్చే యాత్రికులు చూడదగిన చోటు ఒకటి గోల్కొండ కోటకు ఉత్తరాన కలదు. అవి కుతుబ్‌షాహీ పాలకుల గోరీలు. నేడు సున్నపు గచ్చుతోనే కనిపించే ఈ కట్టడాలలో కొన్ని ఒకప్పుడు మెరుగు పూసిన రంగు పలకలతో తళతళలాడేవి.

వంశస్థాపకుడు సుల్తాన్ కులీ హమదాన్ నుండి వచ్చిన తుర్కుమాన్. ఆయన పూర్వికులైన ఖరా ఖోయున్లూ వంశీయుడు జహాన్‌షా ఏలుబడిలోనే, 1465లో, తబ్రీజ్‌లో నీలి పలకల మస్జిదు వెలిసింది. సమర్‌ఖందులోని షాహె జిందా గోరీలపై 14, 15 శతాబ్దాల పలకలు నేటికీ నిలిచి ఉన్నాయి. గోల్కొండలో మాత్రం చాలావరకు రాలిపోయాయి.

1580లో మరణించిన ఇబ్రాహీం కులీ గోరీకి దక్షిణపు వైపున వాటి ఆనవాళ్లు మిగిలాయి. యౌవనంలో ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్న ఈ సుల్తానును తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలిచారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చాడు. పలకలు రాలినా ఆ తెలుగు పేరు చెరగలేదు.

చివరి సుల్తాన్ అబుల్ హసన్‌కు ఇక్కడ చోటు దక్కలేదు. 1687లో కోట మొగలుల వశమయ్యాక ఆయన దౌలతాబాదులో బందీగా కన్నుమూశాడు, ఖుల్దాబాదులో ఖననమయ్యాడు.

గోరీల సందర్శన పరలోకాన్ని జ్ఞాపకం చేస్తుందని దైవప్రవక్త (స) బోధించారు. మిగిలిన ఆ కొద్ది పలకలను కాపాడుకోవడం చరిత్ర పట్ల మన బాధ్యత. అయితే గోడపై రంగును చూసి మురిసేవారు లోపల మట్టిలో ఉన్నవారి కోసం దుఆ చేయడం మరువరాదు.