బ్రిటన్‌లో ప్రైవేటు పాఠశాలల ఫీజుపై పన్ను: మినహాయింపు రద్దు, దాని పర్యవసానాలు

బ్రిటన్‌లో 1973 ఏప్రిల్ 1న విలువ ఆధారిత పన్ను (వ్యాట్) అమలులోకి వచ్చినప్పుడు విద్యను దాని నుండి మినహాయించారు. ఆ మినహాయింపు ప్రైవేటు పాఠశాలలకూ దక్కింది. యాభై ఏళ్లకు పైగా సాగిన ఆ ఏర్పాటును 2024లో అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం తొలగించి, 2025 జనవరి 1 నుండి ఫీజులపై 20 శాతం పన్ను విధించింది. ముందుగానే చెల్లించి తప్పించుకునే వీలు లేకుండా, 2024 జూలై 29 నుండి ముందస్తుగా కట్టిన ఫీజులను కూడా పన్ను పరిధిలోకి తెచ్చింది. ఈ ఆదాయంతో ప్రభుత్వ పాఠశాలలకు 6,500 మంది ఉపాధ్యాయులను సమకూర్చుతామన్నది ఆ పార్టీ ఎన్నికల హామీ.

పన్ను 20 శాతమైనంత మాత్రాన ఫీజులూ అంతే పెరగాలని లేదు. సగటు పెరుగుదల సుమారు 10 శాతం ఉంటుందని ప్రభుత్వం అంచనా వేసింది. దీనికి కారణం పన్ను నిర్మాణంలోనే ఉంది. మినహాయింపు ఉన్నంతకాలం పాఠశాలలు తమ కొనుగోళ్లపై కట్టిన వ్యాట్‌ను తిరిగి పొందలేకపోయేవి. మినహాయింపు పోవడంతో ఆ హక్కు లభించింది. రెండున్నర లక్షల పౌండ్లు, అంతకు మించిన వ్యయంతో కట్టిన భవనాల విషయంలో పదేళ్ల సర్దుబాటు నియమం ఉన్నందున, గతంలో చెల్లించిన పన్నులో కొంత భాగం కూడా వెనక్కి వస్తుంది. ఈదుకొలనులూ రంగశాలలూ కట్టించుకోగలిగిన సంపన్న పాఠశాలలకే ఈ వెసులుబాటు ఎక్కువగా ఉపయోగపడుతుంది. ఖర్చంతా దాదాపు జీతాలకే పోయే చిన్న బడికి తిరిగి రావలసిన పన్ను స్వల్పం. సంపన్నులను ఉద్దేశించి చేసిన చట్టం వారిలో అత్యంత సంపన్నులనే తక్కువగా తాకడం ఇందులోని వైపరీత్యం.

2003 నుండి రెండు దశాబ్దాలలో ద్రవ్యోల్బణాన్ని మినహాయించి చూసినా సగటు ఫీజులు 55 శాతం పెరిగాయి. అయినా ఇంగ్లండులో ప్రైవేటు విద్యార్థుల వాటా 7 శాతం దగ్గరే నిలిచింది. దీని ఆధారంగానే ఆర్థిక అధ్యయన సంస్థ ఐఎఫ్ఎస్ 2023లో విద్యార్థుల తగ్గుదల 3 నుండి 7 శాతానికి పరిమితమవుతుందని లెక్కగట్టింది. దీర్ఘకాలంలో 37,000 మంది తగ్గుతారని ప్రభుత్వం పేర్కొంది. 2025 జనవరి గణనలో స్వతంత్ర పాఠశాలల మండలి సభ్య సంస్థలలోనే ఏడాది వ్యవధిలో 13,000 మందికి పైగా తగ్గారు. అయితే జననాల తగ్గుదల ప్రాథమిక తరగతులను అప్పటికే తాకింది. పైగా 2025 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని ధార్మిక హోదా గల ప్రైవేటు పాఠశాలలు స్థానిక ఆస్తిపన్ను రాయితీని కోల్పోయాయి. యజమానుల జాతీయ బీమా చందా 15 శాతానికి పెరిగింది. మూతపడిన ప్రతి బడినీ వ్యాట్ ఖాతాలో వేయడం చరిత్రకు న్యాయం కాదు.

ప్రత్యేక అవసరాలు గల పిల్లల విషయం వేరు. అధికారిక ప్రణాళిక మేరకు స్థానిక సంస్థ ఫీజు చెల్లిస్తే, ఆ పన్నును అది తిరిగి పొందగలదు. ప్రణాళిక లేని పిల్లల కుటుంబాలకు ఆ అవకాశం లేదు. అటువంటి కుటుంబాలు కొన్ని, చిన్న మతపరమైన పాఠశాలలు వేసిన వ్యాజ్యాలను 2025 జూన్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఇటువంటి విషయాలలో పార్లమెంటుకు విస్తృతమైన విచక్షణ ఉందని న్యాయస్థానం అభిప్రాయపడింది.