విశాఖ దంతపు పేటిక: ఇంట మరల నిర్మించు విధము

లండను నగరమందలి విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలోను, ఆంగ్ల రాజకుటుంబపు సేకరణలోను అమూల్యవస్తువులుగా భద్రపరుపబడియున్న దంతఖచితములైన కుర్చీలకును, పేటికలకును, వ్రాతబల్లలకును జన్మస్థానము మన విశాఖపట్నమని ఎరిగిన తెలుగువారు మిక్కిలి అరుదు. మచిలీపట్నపు అద్దకములను, కొండపల్లి బొమ్మలను, నిర్మల చిత్రములను పేరుపేరున చెప్పుకొనగల మనము సముద్రతీరమున తరతరములుగా వర్ధిల్లిన ఈ దారుశిల్పమును మాత్రము ఎందులకో విస్మరించితిమి. ఆ పేటికలు మన యిండ్లకై పుట్టినవి కావు. పుట్టిన వెంటనే ఓడలెక్కి పోయినవి. కనుకనే వాని జ్ఞాపకము సయితము మన వీథులలో నిలువలేదు. వానిలో ఒకదానిని ఇంటివద్ద తన చేతులతో మరల నిర్మింపదలచు వానికి మార్గమెట్టిదో, ఆ యత్నమున పాటింపవలసిన ధర్మమెట్టిదో నాకు తెలిసినంతవరకు ఇచట వివరించెదను.

పదునేడవ శతాబ్ది చివరి పాదమునాటికే ఈస్టిండియా కంపెనీవారు విశాఖపట్నమున వర్తకశాల నెలకొల్పిరి. ఉత్తరమున కొంత దూరమున భీమునిపట్నమందు డచ్చివారు స్థిరపడిరి. వీరందరు వచ్చినది ప్రధానముగా బట్టలకొరకే. అయినను, నేలమీద చాపపై కూర్చుండి, భోషాణమునందు విలువైనవి దాచుకొను దేశములో కుర్చీ, వ్రాతబల్ల, సొరుగులపేటిక లేక జీవింపలేని ఆ వర్తకులు తమ దేశపు నమూనాలను స్థానికశిల్పుల ముందుంచి అట్టివి చేసి ఇమ్మని కోరిరి. మన శిల్పులు ఆ రూపములను ఉన్నవి ఉన్నట్లు గ్రహించి, వానిమీద తమ అలంకారమును పొదిగిరి. 1756లో ఈ పట్టణమును చూచిన జాన్ కార్నీల్ అను ఆంగ్లసేనాధికారి ఇచటి అద్దకపు బట్టల వర్ణదీప్తిని ఎంత మెచ్చెనో, ఇచటి పొదుగుపనిని కూడ అంత మెచ్చి, అది పరిపూర్ణతనందిన విద్యయని వ్రాసెను. ఈ రెండు విద్యలను అతడొక్కచోటనే పేర్కొనుట యాదృచ్ఛికము కాదు. పేటికల అంచులలో మెలికలు తిరుగుచు సాగు పూలతీగెను శ్రద్ధతో చూచినవానికి అది తీరాంధ్రపు అద్దకపు బట్టల అంచునుండి దిగివచ్చిన తీగెయే యని స్పష్టమగును. దొర కోరినది ఇంగ్లండు పేటిక. శిల్పి దానికి కట్టబెట్టినది తెలుగుచీర అంచు.

తొలినాళ్లలో నల్లని తుమికికర్ర, ఇరుగుడు, టేకు మొదలగు కలపలలో గుంటలు తొలిచి దంతపు ముక్కలను పొదుగుచుండిరి. పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమునకు రుచి మారెను. అప్పుడు పేటిక నంతటిని పలుచని దంతపు రేకులతో కప్పి, ఐరోపా ముద్రితచిత్రములను చూచి భవనములను, వనములను రేకులపై గీసి, ఆ గీతలలో నల్లలక్క నింపు పద్ధతి ప్రబలెను. మదరాసు గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ వించ్ ఆస్తి 1781లో వేలమునకు రాగా, మూడవ జార్జి రాజు తన రాణి షార్లెట్ కొరకు కొనిన దంతపు ఆసనములు ఈ తీరపు పనితనమునకు చెందినవిగానే ఎంచబడుచున్నవి. నా మట్టుకు నాకు ఈ రెండవ పద్ధతికంటె మొదటిదియే హృద్యము. అంతయు ధవళమైనచోట కంటికి విశ్రాంతి యుండదు. నల్లని కలపమీద తీగె తెల్లగా ప్రాకినపుడు కలపకు కలప అందము, తీగెకు తీగె అందము నిలుచును. ఇంట పనిచేయువానికి సాధ్యమైనది కూడ మొదటి పద్ధతియే.

కావున నేను సూచించు నమూనా బల్లమీద నుంచుకొను చిన్న పేటిక. ముందు రెండు తలుపులు. అవి తెరచినంతనే లోపల నడుమ కొంచెము పెద్ద సొరుగు, దానిచుట్టు చిన్న సొరుగులు. వెడల్పు 20 అంగుళములు, ఎత్తు 16, లోతు 12 ఉన్నచో చాలును. ఏడడుగుల వ్రాతబీరువాకు పూనుకొని మధ్యలో విడుచుటకంటె చిన్నదానిని నిండుగా ముగించుట మేలు. ప్రదర్శనశాలలు ప్రకటించిన ఛాయాచిత్రములలో ఎదుటిభాగము మాత్రమే చూచి పని ప్రారంభింపరాదు. తలుపు తెరచిన చిత్రము, వీలైనచో ప్రక్కభాగము, వెనుకభాగము చూచి, కొలతలతో నిలువెత్తు పటమును కాగితముపై గీసికొని గోడకు తగిలించి, కొన్నాళ్లు దానిని చూచుచు తిరుగవలెను. ఏ నిష్పత్తి కంటికి పొసగకున్నదో అపుడే బయటపడును.

ఇక కలప మాట. పెట్టెకు టేకు, తలుపులకును సొరుగుల ముఖములకును ఇరుగుడు వాడుట యుక్తము. దీనినే జిట్రేగి యనియు అందురు. అంగుళపు మందము పలకకు గాలిలో ఆరుటకు ఏడాది యని పెద్దల లెక్క. కోతమిల్లు వాడు ఆరినదే యని చెప్పినను, ఇంటికి తెచ్చిన పలకలను నడుమ సన్నని బద్దలుంచి, నీడపట్టున, గాలి ఆడునట్లు పేర్చి, వాన, ఎండ కాలములు రెండును చూడనిచ్చుట క్షేమము. కలప నిలువుపోగు వెంబడి పొడవున దాదాపు మారదు. అడ్డముగా మాత్రము వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొనును. చెట్టు వలయములకు సమాంతరముగా కోసిన పలక ఆడు ఆట, గుండెనుండి బెరడువైపుగా కోసిన పలక ఆటకు సుమారు రెండింతలుండును. కనుక పొదుగుపని చేయదలచిన పలక రెండవ తీరున కోసినదై యుండవలెను. లండను చలిమంటల గదులలో పొడిబారిన పాతపేటికల దంతపుముక్కలు అనేకము చిట్లుటకును, లేచిపోవుటకును ఈ కలప కదలికయే కారణము. సముద్రపు తేమలో పుట్టిన వస్తువు శుష్కవాతావరణమున తన కొలత మార్చుకొనును; ఎముకయు దంతమును కలపతోపాటు మారవు.

పెట్టె మూలలను మేకులతో కూర్చుట తగదు. మొదట సన్నమై చివర విప్పారిన పళ్లను ఒక పలక అంచున కోసి, వానికి సరిపడు గండ్లను రెండవ పలక అంచున తొలిచి, ఒకదానిలో నొకటి దిగగొట్టినచో, ఎంత లాగినను ఊడని అతుకు ఏర్పడును. పళ్లను సన్నరంపముతో గీతకు ఆనించి కోయవలెను, గీతను కోయరాదు. మిగిలిన వెంట్రుకవాసిని ఉలితో సవరింపవలెను. తలుపుల చట్రములకు కుసి, బెజ్జము పద్ధతి ఉత్తమము. చట్రము నడుమ గాడిలో పలకను జిగురు పెట్టక వదులుగా నిలిపినచో అది తనంత తాను ఉబ్బి తగ్గుటకు చోటు దొరకును. సొరుగుల ప్రక్కపలకలు పావు అంగుళమునకు మించరాదు. చిన్నసొరుగునకు మందపు పలకలు వాడుట నేటి అనుకరణలలో తరచుగా కానవచ్చు దోషము. వెలుపల ఎంత చక్కగా చేసినను, సొరుగు లాగినపుడు చేతికి బరువుగా తగిలినచో పాతపనితో పరిచయమున్నవాడు పెదవి విరచును.

ఇపుడు అసలు చిక్కు. ఏనుగుదంతము మనకు నిషిద్ధము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1986 మొదలు దానికి చేయబడిన సవరణములును మన దేశపు దంతవ్యాపారమును మూసివేసినవి. అది న్యాయమనియే నా దృఢవిశ్వాసము. ఒక పూలతీగెకొరకు ఒక మహామృగము కూలుట ఏ శిల్పమునకు శోభ? దంతమునకు బదులు గేదె ఎముకను వాడవచ్చును. దానిని నీటిలో కాచి క్రొవ్వు తొలగించి, హైడ్రోజన్ పెరాక్సైడు నీళ్లలో నానబెట్టి తెల్లబరుపవలెను. పరీక్షించి చూచినచో ఎముకలో సన్నని నల్లచుక్కలు, గీతలు అగపడును. అవి ఒకప్పుడు రక్తనాళములు పారిన దారులు. దంతమును అడ్డముగా కోసినపుడు వానికి బదులు ఒకదానినొకటి ఖండించుకొను వంపుగీతల వల కానవచ్చును. ఎముకయు వలదనువారికి అంకుడు కర్ర కలదు. ఏటికొప్పాక వారు లక్కబొమ్మలు తిప్పెడి ఆ కర్ర తెల్లగా, నునుపుగా, సన్నని పోగుతో నుండును. విశాఖసీమ పేటికకు విశాఖసీమ కర్రయే తెల్లదనము నొసగుట నాకెంతో సమంజసముగా తోచుచున్నది.

ఎముకను ఒకటిన్నర మిల్లీమీటరు పలకలుగా కోసి, కాగితముపై గీసిన తీగె పటమును వానిపై అతికించి, ఆభరణములు చేయు కంసాలి వాడెడి సన్నరంపముతో ఒక్కొక్క ఆకును, ఒక్కొక్క రేకును వేరుచేయవలెను. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము. ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఎముకను తడుపుచు కోయవలెను. ఇరుగుడు పొట్టుకు కూడ కొందరికి చర్మము దద్దురెక్కును. కోసిన ముక్కను కలపమీద దాని చోటనుంచి, సూదిమొనతో చుట్టు గీచి, ఆ గీత లోపల ఉలితో గుంట తొలువవలెను. గుంట లోతు ముక్క మందమునకు రవ్వంత తక్కువ యుండవలెను. ఆ మిగులు తరువాత అరగదీయబడును. జిగురుగా పూర్వులవలె సరేసునే వాడుడని నా సలహా. దానిని నేరుగా నిప్పుపై పెట్టక వేడినీటి గిన్నెలో నుంచి కరిగింపవలెను. కొత్తజిగురులు ఇంతకంటె గట్టివే కావచ్చును. కాని సరేసు వేడికిని తడికిని మరల లొంగును గనుక, నూరేండ్ల తరువాత ఏ ముక్కయైనను లేచినచో ఆనాటి శిల్పి దానిని కలపకు హాని లేక తీసి మరల అతికింపగలడు. పాతపేటికలు నేటికిని మరమ్మతునకు లొంగుచుండుట ఈ గుణమువలననే.

జిగురు ఆరిన పిమ్మట చిత్రిక పట్టరాదు, ఎముక ఎగిరిపోవును. సన్నని ఆకురాయితోను, ఉక్కురేకు అంచుతోను, చివర ఉప్పుకాగితముతోను సమము చేయవలెను. అటుపై ఆకులకు ఈనెలు, పూలకు కేసరములు మొనయులితో గీయవలెను. ఈ గీతలు లేని పొదుగుపని కన్నులు దిద్దని బొమ్మ వంటిది. లక్కలో దీపపు మసి కలిపి కడ్డీగా చేసికొని, వెచ్చబరచి గీతలపై రుద్ది, చల్లారినంతనే పైపొరను గీచివేసినచో నలుపు గీతలలో మాత్రమే మిగులును. చేతివణుకు సహజముగా కొంత గీతలో దిగును; దానిని దిద్దబోయి గీతను లావు చేయవలదు. పాతపనిలోను అట్టివి కలవు. లక్కను సారాలో కరిగించి పలుచగా పలుమారులు పూసిన పాలిష్ తుది మెరుగునకు చాలును.

ఇచటనే ఒక ప్రలోభము పొంచియుండును. క్రొత్తపేటికకు ప్రాతదనము తెచ్చుటకై గొలుసులతో కొట్టుట, పుల్లనినీళ్లు పూయుట, పొగబెట్టుట నేడు విద్యగా బోధింపబడుచున్నవి. అమెరికాలో అర్మాండ్ లామోంటేన్ అను శిల్పి, మేఫ్లవర్ ఓడపై వెళ్లిన పెద్ద బ్రూస్టరు పేర ప్రసిద్ధమైన పదునేడవ శతాబ్దపు కుర్చీల రీతిలో 1969లో ఒకటి నిర్మించి, దానికి ముదుసలితనము కల్పించెను. డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డు ప్రదర్శనశాలవారు దానిని నిజమైన ప్రాచీనవస్తువని నమ్మి 9000 డాలర్లకు కొనిరి. 1977లో గుట్టు బయటపడెను. రంధ్రములు నవీనపు బరమాతో తొలిచినవని ఎక్స్‌రే చూపెను. పండితులను పరీక్షించుట ఆ శిల్పి ఉద్దేశమైనను, ఆ ఉదంతము చదివినపుడెల్ల నాకు కలుగునది భయమే. ఒక అసత్యవస్తువు ప్రదర్శనశాలలో చేరినచో దానిని నమ్మి వ్రాయబడు చరిత్రయంతయు చెడును. విశాఖ పేటికలపై పరిశోధన ఇంకను బాల్యావస్థయందున్న మనకు ఆ కీడు మరింత పెద్దది.

ఆ అమెరికాయందే వాలస్ నటింగ్ అను మతాచార్యుడు పాతకుర్చీలకు, పేటికలకు యథాతథమైన ప్రతులు చేయించి అమ్మెను. తొలుత ప్రతివస్తువునకు కాగితపు చీటీ అంటించెను. కాని కొందరు చీటీలు పెరికివేసి వానిని ప్రాచీనములని అమ్మసాగిరి. అంతట ఆయన తన పేరును కాల్చిన ఇనుపముద్రతో కలపలోనే వేయించెను. నమూనాకు విధేయుడగుట ఒక నిజాయితీ. నమూనా తనది కాదని ముద్రవేసి చెప్పుట దానికంటె పెద్ద నిజాయితీ.

కనుక పేటిక ముగించిన పాఠకునికి నా విన్నపము ఒక్కటి. నడుమ సొరుగును వెలికి లాగి, దాని అడుగున కాల్చిన ఇనుపమొనతో మీ పేరు, మీ ఊరు, సంవత్సరము చెరగనట్లు వ్రాయుడు. దానిక్రింద ఇది విశాఖపట్నపు పనికి ప్రతియని కూడ వ్రాయుడు.