పని విడిచినవారి పత్రం: సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల

పని మానిన కార్మికుని గురించి యజమాని సిఫారసు రాసి తీరాలనే సాధారణ నిబంధన భారతీయ చట్టాలలో లేదు. ఉన్నదల్లా సర్వీసు సర్టిఫికెట్టు, అనగా ఫలానా వ్యక్తి తమవద్ద పనిచేశాడని తెలిపే ధ్రువపత్రం. 1946 నాటి స్థాయీ ఉత్తర్వుల చట్టం కింద, అంటే ఉద్యోగ షరతులను యజమాని రాతపూర్వకంగా ప్రకటించాలని విధించిన చట్టం కింద, రూపొందిన కేంద్ర నమూనా నియమాలు బర్తరఫు, తొలగింపు, విరమణ సందర్భాలలో శాశ్వత కార్మికునికి ఆ పత్రంపై హక్కు కల్పించాయి. అయితే నూరుమందికి తగ్గిన సంస్థలు సాధారణంగా ఆ చట్టం పరిధిలోకి రాలేదు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి ఆ హద్దును మూడువందలకు పెంచింది. సేఠు ఇచ్చిన నూలుతో కొద్దిపాటి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపించే ఆసాములున్న సిరిసిల్లలో అంతమంది ఒకే కప్పు కింద పనిచేయడం అరుదు కనుక, భివండికో సూరత్‌కో వలసపోయే కార్మికునికి బంధుమిత్రుల మాటే సిఫారసైంది.

కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల బీడీ కార్మికురాళ్ల చిక్కు ఇంకా మౌలికమైనది: ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకొని బీడీలు చుట్టే స్త్రీ అసలు ఎవరి ఉద్యోగి అన్నదే వివాదం. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటివద్ద పనిచేసేవారిని కూడా లెక్కలోకి తీసుకుంది; 1977లో భవిష్యనిధి (పి.ఎఫ్.) చట్టం బీడీ పరిశ్రమకు విస్తరించగా, ఇళ్లలో చుట్టేవారు తమ ఉద్యోగులు కారని యజమానులు వాదించారు. పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో 1985లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చుతూ, నాసిరకం బీడీలను తిరస్కరించే అధికారమే యజమాని అజమాయిషీకి గుర్తని భావించింది. కూలికి కోత పెట్టే ఆ తిరస్కారమే, విచిత్రంగా, ఆమె ఉద్యోగి అనడానికి సాక్ష్యమైంది. ఆ తరువాత పి.ఎఫ్. నంబరే సర్వీసు పత్రంగా చెల్లింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ఆసరా పింఛను ఇవ్వబూనినప్పుడు అర్హతకు కొలమానమైనది కూడా పి.ఎఫ్. సభ్యత్వమే.

ఈ ప్రాంతాలవారు పెద్దసంఖ్యలో వెళ్లే గల్ఫ్ దేశాల శాసనాలు ఈ విషయంలో మరింత స్పష్టమైనవి. 2005 నాటి సౌదీ కార్మిక చట్టం 64వ అధికరణం ప్రకారం, కార్మికుడు కోరితే యజమాని ఉద్యోగకాలం, వృత్తి, చివరి వేతనం చూపే పత్రాన్ని ఉచితంగా ఇవ్వాలి. అతని పేరుకు భంగం కలిగించే మాట అందులో చేర్చరాదు. అయినా ఆ పత్రం అడగాలంటే యజమాని ఎదుట నిలవగలగాలి. కఫీల్‌ను, అంటే వీసా పూచీదారును, విడిచి వేరొకచోట పనికి కుదిరి, వలసజీవుల వాడుకలో ‘ఖల్లివెల్లి’ అయినవానికి ఆ దారి ఆచరణలో మూసుకుపోతుంది.