ముద్దయీ ముద్దాయి అయిన కథ

ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. ఆ మాటే తెలుగులోకొచ్చి ‘ముద్దాయి’ అయ్యేసరికి అర్థం తిరగబడింది. మనకు ముద్దాయి అంటే నేరం మోపబడి బోనులో నిలబడ్డవాడు. అమెరికా మీడియా మీద అక్కడి కన్సర్వేటివ్‌ల షికాయత్ కూడా అచ్చం ఇలాగే నడిచింది. 1960ల్లో ఇన్సాఫ్ అడుగుతూ అదాలత్ మెట్లెక్కింది వాళ్లు. 2023లో జవాబు చెప్పుకోలేక డబ్బు కట్టిందీ వాళ్ల చానెలే.

షికాయత్ ఏమిటంటే, అఖ్బార్లూ టీవీలూ మా పట్ల తర్ఫ్‌దారీ చేస్తాయని. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మన పిల్లలు స్థిరపడ్డాక ఈ బహస్ మన ఇళ్లలోకీ వచ్చింది. ఒకరు ఇది బిల్కుల్ ఝూట్ అంటారు, ఇంకొకరు ఇదే అసలు హకీకత్ అంటారు. చరిత్ర ఇద్దరినీ పూర్తిగా సమర్థించదు.

1964 జూలై. శాన్‌ఫ్రాన్సిస్కోలో రిపబ్లికన్ పార్టీ మహాసభ. మాజీ ప్రెసిడెంట్ ఐజన్‌హోవర్ ప్రసంగంలో సంచలనాల కోసం పాకులాడే కాలమిస్టుల మీద ఒక మాట విసిరాడు. అంతే, ప్రతినిధులు లేచి నిలబడి విలేకరుల వైపు పిడికిళ్లు ఊపారు. ఆ సభ ఎన్నుకున్న అభ్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్.

ఆ కోపం ఊరికే పుట్టలేదని కొద్ది నెలలకే రుజువైంది. రాల్ఫ్ గింజ్‌బర్గ్ నడిపే ‘ఫ్యాక్ట్’ అనే పత్రిక 12,356 మంది మానసిక వైద్యులకు ఉత్తరాలు రాసి, గోల్డ్‌వాటర్ దిమాగ్ ప్రెసిడెంట్ పదవికి సరిపోతుందా అని అడిగింది. 2,417 మంది జవాబిచ్చారు. వాళ్లలో 1,189 మంది సరిపోదన్నారు. చికిత్స కోసం చూడని మనిషి గురించి డాక్టర్లు ఫైసలా ఇచ్చేశారు, పత్రిక దాన్ని అట్ట మీద అచ్చేసింది.

గోల్డ్‌వాటర్ ఎన్నికల్లో ఓడాడు, తర్వాత దావా వేశాడు. అది గెలవడం ఆసాన్ కాదు. 1964 మార్చిలోనే సుప్రీంకోర్టు సలివాన్ కేసులో ఒక తరాజు తయారుచేసి పెట్టింది. నల్లజాతి హక్కుల ఉద్యమం ‘న్యూయార్క్ టైమ్స్’లో ఇచ్చిన ప్రకటన మీద అలబామా అధికారి వేసిన దావా అది. సర్కారీ మనిషి పత్రిక మీద గెలవాలంటే, రాసింది తప్పని చూపిస్తే చాలదు. తప్పని తెలిసే రాశారనో, నిజమో కాదో పట్టించుకోకుండా రాశారనో చూపించాలి. అంటే నీయత్ నిరూపించాలి. గోల్డ్‌వాటర్ నిరూపించాడు. 1968లో జ్యూరీ అతనికి నష్టపరిహారం కింద 1 డాలర్, జుర్మానా కింద 75,000 డాలర్లు ఇప్పించింది. 1973లో అమెరికా మానసిక వైద్యుల సంఘం, తాము పరీక్షించని ప్రముఖుల గురించి సభ్యులు రోగనిర్ధారణ చెప్పకూడదని నియమం పెట్టుకుంది. దాన్ని ఇప్పటికీ గోల్డ్‌వాటర్ పేరుతోనే పిలుస్తారు.

ఇదీ ముద్దయీ జమానా. షికాయత్ ఉంది, సబూతు ఉంది, ఫైసలా వచ్చింది.

1969 నవంబర్ 13న షికాయత్ సర్కారు నోట పలికింది. డెమోయిన్ నగరంలో వైస్ ప్రెసిడెంట్ స్పైరో ఆగ్న్యూ టీవీ వార్తల మీద విరుచుకుపడ్డాడు. ఆ ప్రసంగం రాసింది ప్యాట్ బుకానన్. న్యూయార్క్, వాషింగ్టన్‌లలో కూర్చున్న గుప్పెడు మంది, ఎవరూ ఎన్నుకోనివాళ్లు, దేశం ఏం చూడాలో తేలుస్తున్నారన్నది దాని సారాంశం. అందులో పస లేకపోలేదు. అప్పట్లో దేశమంతటికీ ఉన్నవి మూడే పెద్ద టీవీ నెట్‌వర్కులు. కానీ చెప్పిన మనిషి నీయత్ కూడా చూడాలి కదా. పది రోజుల ముందు వియత్నాం మీద నిక్సన్ చేసిన ప్రసంగాన్ని వ్యాఖ్యాతలు వెంటనే విమర్శించారు. అదీ గుస్సాకు కారణం. పైగా టీవీ స్టేషన్ల లైసెన్సులు సర్కారు చేతిలో ఉన్న దేశంలో ఆ సర్కారే గద్దిస్తే అది షికాయత్ అవుతుందా, ధమ్కీ అవుతుందా? ఆగ్న్యూ 1973లో పన్ను ఎగవేత కేసులో పదవి వదిలేశాడు. అతని మాట మాత్రం మిగిలింది.

ఇలాజ్ ఏమిటి? అప్పటికే ఒకటుంది. 1949 నుంచి, వివాదాస్పద విషయాల్లో రేడియో, టీవీలు రెండో పక్షానికీ చోటివ్వాలనే కాయిదా నడుస్తోంది. ఫిలిస్ ష్లాఫ్లీ, రీడ్ ఇర్విన్ వంటి కన్సర్వేటివ్‌లు కూడా దాన్ని సమర్థించారు. తమ మాట వినిపించుకోవడానికి అది ఒక దర్వాజా అనుకున్నారు. రీగన్ జమానాలో, 1987లో, కమ్యూనికేషన్స్ కమిషన్ దాన్ని ఎత్తేసింది. పార్లమెంటు దాన్ని చట్టం చేద్దామంటే రీగనే వీటో చేశాడు.

1988 ఆగస్టులో రష్ లింబా రేడియో షో దేశవ్యాప్తంగా మొదలైంది. 1994లో నలభై ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభ రిపబ్లికన్ల చేతికొస్తే, కొత్త సభ్యులు అతన్ని గౌరవ సభ్యుడిని చేసుకున్నారు. 1996 అక్టోబర్ 7న రూపర్ట్ మర్డోక్ డబ్బుతో, ఒకప్పుడు నిక్సన్‌కు టీవీ సలహాదారుగా ఉన్న రోజర్ ఐల్స్ నాయకత్వంలో ఫాక్స్ న్యూస్ వచ్చింది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. ‘మా మాట కూడా వినండి’ అన్నవాళ్లకు సొంత దుకాణం వచ్చింది. దుకాణం పెట్టాక గిరాకీలే మాలిక్‌లు. వాళ్లకు చేదు మాట చెప్పడం కష్టం.

2020 నవంబర్ ఎన్నికల రాత్రి అరిజోనా బైడెన్‌దని ఫాక్స్ లెక్కల బృందం అందరికంటే ముందు ప్రకటించింది. ఆ లెక్క సరైనదే. కానీ ప్రేక్షకులు మండిపడి న్యూస్‌మాక్స్ వైపు మళ్లసాగారు. ఫాక్స్‌లో ఖౌఫ్ మొదలైంది. డొమినియన్ కంపెనీ ఓటింగ్ యంత్రాలు ఓట్లు మార్చాయన్న ఇల్జాం తెర మీద పదేపదే వినిపించింది. అదే సమయంలో యాంకర్లు తమలో తాము రాసుకున్న మెసేజీల్లో ఆ మాటలు నమ్మలేదు. ట్రంప్ దావాను ట్విట్టర్‌లో సరిదిద్దిన సొంత విలేకరిని తీసేయాలని టకర్ కార్ల్‌సన్ కోరాడు. ఇవన్నీ కోర్టు కాగితాల్లోకెక్కాయి. డొమినియన్ గురించిన ఆ మాటల్లో ఒక్కటీ నిజం కాదని 2023 మార్చిలో డెలవేర్ జడ్జి తేల్చాడు. మిగిలింది నీయత్ ప్రశ్న ఒక్కటే. అది జ్యూరీ ముందుకు వెళ్లే రోజున, ఏప్రిల్ 18న, ఫాక్స్ 78.75 కోట్ల డాలర్లకు రాజీపడింది.

గింజ్‌బర్గ్‌ను తూచిన తరాజే అది. బాట్లు మారలేదు, నిలబడ్డ మనిషి మారాడు.

అలాగని కన్సర్వేటివ్‌ల షికాయత్ అంతా ఝూట్ అనుకుంటే అదీ బేఇన్సాఫే. 2020 అక్టోబర్‌లో హంటర్ బైడెన్ ల్యాప్‌టాప్ మీద ‘న్యూయార్క్ పోస్ట్’ రాసిన కథనాన్ని ట్విట్టర్ అడ్డుకుంది. అలా చేయడం తప్పని దాని అధిపతే తర్వాత ఒప్పుకున్నాడు. అందులోని కొన్ని ఈమెయిళ్లు అసలువేనని పెద్ద పత్రికలు ధ్రువీకరించేసరికి 2022 వచ్చింది. ఇటు అరిజోనా లెక్క తేల్చింది ఫాక్స్ మనుషులే. ట్రంప్ ఓటమి ఒప్పుకోవాలని సంపాదకీయాలు రాసినవి కన్సర్వేటివ్ పత్రికలైన ‘నేషనల్ రివ్యూ’, ‘న్యూయార్క్ పోస్ట్’. సొంత ఇంటికి వ్యతిరేకంగా గవాహీ ఇచ్చినవాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు.

గోల్డ్‌వాటర్ అడిగింది తనకు అనుకూలమైన పత్రిక కాదు, తన గురించి అబద్ధం రాయొద్దని. ఆ హక్ డొమినియన్‌కూ ఉంది, రేపు మనకు నచ్చనివాడికీ ఉంటుంది. మీడియా మాకు అన్యాయం చేసిందని ఎవరన్నా, ఏ దేశంలో అన్నా, వినాల్సిందే. విన్నాక ఒక్క సవాల్ అడగాలి: నీ దుకాణంలో తరాజు సరిగ్గా ఉందా మియా?