అందరూ మెచ్చిన కారు

2018 జూన్ నెల మొత్తంలో గుజరాత్‌లోని సనంద్ కర్మాగారంలో తయారైన నానో కార్లు ఎన్నో తెలుసా? ఒక్కటి. ఏడాదికి రెండున్నర లక్షల కార్లు చేయడానికి కట్టిన కర్మాగారం అది. అంతకు పదేళ్ల ముందు దేశదేశాల వాళ్లూ కళ్లింతలు చేసుకుని చూసిన కారు అది. దాని ఇంజిను బాగానే తిరిగింది. మనుషులే దాన్ని తమదనుకోలేకపోయారు.

వానలో ఒకే స్కూటరు మీద పోతున్న భార్యాభర్తల్నీ పిల్లల్నీ చూసి అప్పటి టాటా సంస్థల అధినేత రతన్ టాటా మనసు కలుక్కుమంది. విజయవాడలోనో వరంగల్లోనో పెరిగిన వాళ్లకు ఆ దృశ్యం కొత్తది కాదు. నాన్న చేతుల మధ్య, స్కూటరు ముందు భాగంలో నిలబడి బడికి వెళ్లిన పిల్లలం మనలో ఎందరో! అలాంటి కుటుంబాన్ని నాలుగు చక్రాల మీద, ఒక కప్పు కింద కూర్చోబెట్టాలని ఆయన సంకల్పించారు. అదీ లక్ష రూపాయల్లో.

గిరీష్ వాఘ్ నాయకత్వంలో ఇంజినీర్లు ఏళ్ల తరబడి రూపాయి రూపాయికీ లెక్క చూశారు. 624 సీసీ, రెండు సిలిండర్ల ఇంజినును వెనక్కి జరిపారు. చక్రానికి మూడే నట్లు, ముందు అద్దానికి ఒకటే వైపరు. అయినా లోపల నలుగురు కాళ్లు చాపుకుని కూర్చునేంత చోటు మిగిల్చారు. 2008 జనవరి 10న ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో రతన్ టాటా స్వయంగా దాన్ని నడుపుకుంటూ వేదిక మీదికి వచ్చారు. అప్పట్లో సామాన్యుడి కారుగా పేరున్న మారుతి 800తో పోలిస్తే ధర దాదాపు సగం. ఆ రోజు చప్పట్లు కొట్టనివాళ్లు లేరు.

కానీ అప్పటికే పశ్చిమ బెంగాల్‌లోని సింగూర్‌లో మంట రాజుకుంది. నానోను మొదట తయారుచేయాలనుకున్న కర్మాగారానికి అక్కడ ప్రభుత్వం సేకరించిన భూమి దాదాపు వెయ్యి ఎకరాలు, అదీ పంటలు పండే భూమి. ఇవ్వడానికి మనసొప్పని రైతుల పక్షాన మమతా బెనర్జీ ఉద్యమం నడిపారు. చాలావరకు కట్టేసిన కర్మాగారాన్ని వదిలి వెళ్లిపోతున్నట్టు 2008 అక్టోబర్ 3న టాటా ప్రకటించారు. ఆ భూసేకరణ చెల్లదని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. పేదవాడి కోసం పుట్టిన కారు, తొలి అడుగులోనే పేద రైతు ఒప్పుకోలు లేని నేల మీద నిలబడింది. అదీ ఈ గాథలోని మొదటి విషాదం.

2009 ఏప్రిల్‌లో బుకింగులు తెరిస్తే రెండు లక్షల మందికి పైగా డబ్బు కట్టారు. ఇవ్వడానికి సరిపడా కార్లు లేవు. లాటరీ తీయాల్సి వచ్చింది. సనంద్‌లో కొత్త కర్మాగారం ప్రారంభమయ్యేసరికి 2010 జూన్ వచ్చింది. ఆలోగా కొన్ని కార్లకు నిప్పంటుకున్న వార్తలు ఇంటింటికీ చేరాయి. ఆ నవంబరులో దేశం మొత్తం మీద అమ్ముడుపోయినవి 509.

నిప్పు భయం కాలంతో చల్లారేదే. చల్లారనిది మరొకటి ఉంది. మనకు కారు ప్రయాణ సాధనం మాత్రమే కాదు. అది గుమ్మం ముందు నిలబడి, ఈ ఇల్లు ఒక మెట్టు ఎక్కిందని వీధికి చెబుతుంది. పెళ్లికి అందులో దిగితే బంధువుల చూపు మారాలి. నానోలో దిగితే అందరికీ ముందే తెలిసిపోయేది దాని ధర. ఎంత ఆకలిగా ఉన్నా, జాలిపడి వడ్డించే పంక్తిలో కూర్చోవడానికి మనవాళ్లు ఇష్టపడరు. స్కూటరు మీద పోయే కుటుంబం ఇంకొన్నాళ్లు ఓపిక పట్టింది, లేదా అప్పుచేసి ఆల్టో కొంది, కాకుంటే సెకండ్ హ్యాండ్ బండి చూసుకుంది. ఎవరి కోసం కారు పుట్టిందో వాళ్లే దాన్ని దాటుకుంటూ వెళ్లిపోయారు.

ప్రపంచంలోకెల్లా చవకైన కారుగా దానికి ముద్ర పడటమే దెబ్బతీసిందని 2013లో రతన్ టాటాయే బహిరంగంగా చెప్పారు. తర్వాత పవర్ స్టీరింగ్ వచ్చింది, 2015లో వెనక డిక్కీ తలుపు తెరుచుకుంది, గేర్లు వాటంతటవే మారే మోడలూ వచ్చింది. ధరా పెరిగింది. కానీ ముద్ర చెరగలేదు. ఈ మధ్యలో 2014 గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో ఒక్క స్టారూ రాలేదు. స్కూటరు కన్నా భద్రమన్న మాట మీద పుట్టిన బండికి అది గట్టి దెబ్బ. 2019లో ఉత్పత్తి పూర్తిగా ఆగిపోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేనాటికి దాన్ని వాటికి తగ్గట్టు మార్చే ప్రయత్నమే జరగలేదు.

2024 అక్టోబర్ 9న రతన్ టాటా కన్నుమూసినప్పుడు దేశం నానోను ప్రేమగా తలుచుకుంది. ఆ ప్రేమలో పదో వంతు కారు బతికుండగా దక్కితే ఎంత బాగుండేది! ఈ రోజుకీ మన రోడ్డు ప్రమాదాల్లో ప్రాణాలు పోగొట్టుకునేవాళ్లలో ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవాళ్లే అందరికన్నా ఎక్కువ. ఆ ఆలోచన అవసరం తీరలేదు. ఆలోచనే తీరిపోయింది.

వైపరు తగ్గించారు, నట్టు తగ్గించారు, అవి తగ్గినా బండి నడిచింది. కొనేవాడి తల ఒక్క అంగుళం దించాల్సి వచ్చేసరికి ఆగిపోయింది. పేదల కోసం ఇంకేదైనా చేయబోయేవాళ్లు గీతలు గీయకముందే రెండు గుమ్మాల దగ్గరికి వెళ్లాలి. నేల ఇచ్చే రైతు మనస్ఫూర్తిగా ఇస్తున్నాడా అని ఒక చోట అడగాలి. దీన్ని తలెత్తుకుని ఇంటికి తెచ్చుకుంటారా అని రెండో చోట అడగాలి. ఆ రెండు జవాబులూ రాకుండా ఎంత గొప్ప యంత్రం చేసినా అది సగం యంత్రమే.