కుటుంబ గృహ విక్రయం: బేరం, హక్కు, దస్తావేజు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
– ఉమ్మడి కుటుంబపు ఇంటిని అమ్మే అధికారం ఎవరికి ఉండేదో, అది కాలక్రమంలో ఎలా మారిందో వివరించగలుగుతారు.
– కొనుగోలుదారు అడిగే ప్రశ్నలకు, ఇవ్వజూపే ధరకు ఆ అధికారంతో ఉన్న సంబంధాన్ని చెప్పగలుగుతారు.
– పాత క్రయ దస్తావేజును చారిత్రక ఆధారంగా చదవగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

మీ ఇంట్లో బీరువాలోనో పాత ట్రంకు పెట్టెలోనో ఇంటి దస్తావేజు ఒకటి ఉంటే, దాన్ని దగ్గర పెట్టుకుని ఈ పాఠం చదవండి. ఇల్లు ఎంతకు అమ్మారో అందులో ఉంటుంది. అమ్మేవారు మొదట ఎంత చెప్పారు, కొనేవారు ఎంత నుంచి మొదలుపెట్టారు, పెద్దమనిషి ఎక్కడ రాజీ కుదిర్చాడు అనేవి మాత్రం ఉండవు. బేరం నోటిమాటగా సాగుతుంది. కాగితం మీదికి వచ్చేది దాని ఫలితం మాత్రమే.

అయినా ఆ బేరం జాడలు దస్తావేజులో మిగిలే ఉంటాయి. అమ్మకానికి కారణం ఎందుకు రాశారు? తండ్రి అమ్ముతుంటే కొడుకులు ఎందుకు సంతకం చేశారు? ధరలో కొంత సొమ్ము కొనుగోలుదారు వద్దే ఎందుకు నిలిపి ఉంచారు? ఇటువంటి వాక్యాలు చాలావరకు కొనేవారి భయాల నుంచి పుట్టినవే. ఇల్లు అమ్మేటప్పుడు ధర గురించిన బేరం కంటే ముందు మరొక ప్రశ్న తేలాలి: ఈ ఇల్లు అమ్మే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు మారినప్పుడల్లా బేరం కూడా మారింది. ఈ పాఠంలో ప్రధానాంశం ఇదే.

మన చర్చ మితాక్షర సంప్రదాయాన్ని అనుసరించే హిందూ కుటుంబాలకు, బ్రిటిషు పాలనా కాలానికి సంబంధించినంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకు పరిమితం. నిజాం రాజ్యంలో చట్టాలు, కోర్టులు వేరు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల వారసత్వ నియమాలు కూడా వేరు.

2. మితాక్షర: ఊరి ఎదుట అమ్మకం

యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానమే మితాక్షర. ఇది కల్యాణి చాళుక్య రాజైన ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలో వెలువడింది. 13వ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో దీన్ని తెలుగులోకి తెచ్చాడు. ఈ సంప్రదాయం ప్రకారం పూర్వికుల ఆస్తిలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు వస్తుంది. కాబట్టి తండ్రి ఆ ఇంటికి పెద్దే గాని ఏకైక యజమాని కాడు.

భూమి చేతులు మారడానికి ఆరు అంశాలు కావాలన్న పాత నియమాన్ని మితాక్షర చర్చిస్తుంది. అవి గ్రామస్థుల, జ్ఞాతుల, ఇరుగుపొరుగువారి, దాయాదుల అంగీకారం. బంగారంతోను నీటితోను చేసే ధార. వీటి ప్రయోజనాన్ని కూడా విజ్ఞానేశ్వరుడు వివరించాడు. గ్రామస్థుల అంగీకారం వ్యవహారం అందరికీ తెలియడానికి. పొరుగువారి అంగీకారం హద్దుల తగాదా రాకుండా ఉండడానికి. రిజిస్ట్రేషను కచేరీ లేని కాలంలో ఊరే రిజిస్టరు అన్నమాట.

ఈ నియమానికి మినహాయింపు కూడా ఉంది. ఆపద వచ్చినప్పుడు, కుటుంబ పోషణ కోసం, తప్పనిసరి ధర్మకార్యాల కోసం ఒక్కరైనా స్థిరాస్తిని అమ్మవచ్చు. తర్వాతి కాలంలో కోర్టులు 'కుటుంబావసరం' అన్నది ఈ భావననే.

3. కొనేవారి విచారణ

బ్రిటిషు కోర్టులు ఈ భావనను కచ్చితమైన నియమంగా మలిచాయి. 1856లో హనుమాన్ పర్షాద్ పాండే కేసులో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పింది. మైనరు ఆస్తిని నిర్వహించేవారు అవసరం ఉంటేనో, ఆస్తికి మేలు జరుగుతుందంటేనో దాన్ని తాకట్టు పెట్టవచ్చు. అప్పు ఇచ్చేవారు ఆ అవసరం నిజమో కాదో విచారించాలి. నిజాయితీగా విచారించి ఉంటే చాలు. ఇచ్చిన సొమ్ము తర్వాత దేనికి ఖర్చయిందో చూడవలసిన బాధ్యత వారిది కాదు. ఈ నియమాన్ని కోర్టులు ఉమ్మడి కుటుంబ కర్త చేసే అమ్మకాలకు కూడా వర్తింపజేశాయి.

దీని ఫలితం గమనించండి. ఎదుటి ఇంటి కష్టాలను గురించి ఆరా తీయడం కొనేవారికి చట్టం మోపిన బాధ్యత అయింది. అప్పు ఎవరికి, ఎంత, ఏ నోటు మీద? పెళ్లి ఎవరిది? శిస్తు ఎంత బాకీ? పాత దస్తావేజుల్లో ఈ వివరాలు అంత విపులంగా ఉండడానికి కారణం ఇదే. వాటిని అమ్మేవారి దుఃఖగాథగా కాక, కొనేవారు తమ రక్షణ కోసం రాయించుకున్న సాక్ష్యంగా చదవాలి.

విచారణ సరిగా లేకపోతే ముప్పు చాలాకాలం ఉండేది. 1908 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం తండ్రి చేసిన అమ్మకాన్ని కొడుకు సవాలు చేయడానికి, కొనుగోలుదారు స్వాధీనం పొందిన నాటి నుంచి 12 సంవత్సరాల గడువు ఉంది. అందుకే మేజరు కొడుకులను కూడా దస్తావేజులో చేర్చమని కొనేవారు పట్టుబట్టేవారు. ఆ సంతకం దొరకని చోట ధర తగ్గేది. తగ్గిన ఆ మొత్తం రాబోయే దావా ఖర్చుకు ముందుగా కట్టిన లెక్క.

4. చట్టాలు బేరానికి ఇచ్చిన రూపం

1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలి. అమ్మేవారు తమకు తెలిసి, కొనేవారికి మామూలుగా కనిపించని ముఖ్యమైన లోపాలను చెప్పాలి. హక్కు పత్రాలు చూపాలి. అమ్మకపు కరారు మాత్రమే ఆస్తి మీద హక్కు కలిగించదని కూడా ఈ చట్టం చెప్పింది. అయితే బయానా పుచ్చుకుని కరారు రాసిన తర్వాత, ఎవరో ఎక్కువ ఇస్తామన్నారని అమ్మేవారు వెనక్కి తగ్గితే ఏమిటి? 1877 నిర్దిష్ట పరిహార చట్టం కింద కొనేవారు దస్తావేజు రాసి ఇప్పించమని కోర్టుకు వెళ్లగలిగేవారు. ఇలా నోటిమాటకు, రిజిస్ట్రేషనుకు మధ్య కరారు బలమైన మెట్టుగా నిలిచింది.

అన్నదమ్ములలో ఒకడు తన వాటా మాత్రమే బయటివారికి అమ్మితే? మద్రాసు ప్రెసిడెన్సీలో విభజన కాకముందే వాటాను ప్రతిఫలానికి అమ్మడాన్ని కోర్టులు అంగీకరించాయి. కాని కొన్నవారు నేరుగా వచ్చి ఆ ఇంట్లో కాపురం పెట్టలేరు. అవిభక్త కుటుంబపు నివాస గృహంలో బయటివారికి ఉమ్మడి స్వాధీనం లేదని 1882 చట్టంలోని 44వ సెక్షను చెబుతుంది. వారు విభజన దావా వేస్తే, ఆ వాటాను కోర్టు నిర్ణయించిన విలువకు తామే కొంటామని అడిగే హక్కును 1893 విభజన చట్టంలోని 4వ సెక్షను కుటుంబ సభ్యులకు ఇచ్చింది. కాబట్టి విడివాటా కొనేవారు ఇంటితోపాటు ఒక దావాను కూడా కొంటున్నట్టే. అందుకే అటువంటి వాటాకు పూర్తి ధర పలకదు.

5. ఒకే ఇల్లు, నాలుగు కాలాలు

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. పూర్వికుల నుంచి వచ్చిన పెంకుటిల్లు. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. తల్లి లేదు. విభజన జరగలేదు. వీలునామా రాయలేదు.

ఇల్లు 1930లో అమ్మకానికి వచ్చిందనుకోండి. కొనేవారు తండ్రితో మాట్లాడతారు, కొడుకుల సంతకాలు అడుగుతారు. కూతురికి ఈ ఇంట్లో వాటా సున్న. ఆమెను అడగవలసిన అవసరమే లేదు.

తండ్రి 1957లో మరణించి, ఇల్లు 1960లో అమ్మకానికి వచ్చిందనుకోండి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి మరణానికి ముందే విభజన జరిగినట్టు భావించి లెక్క కట్టాలి. తండ్రికి 1/3, కొడుకులకు చెరి 1/3. తండ్రి వాటా ముగ్గురు పిల్లలకు సమానంగా వస్తుంది. కూతురికి 1/9, కొడుకులకు చెరి 4/9. అయితే కుటుంబం కాపురముంటున్న ఇంటిని పంచమని అడిగే హక్కు ఆమెకు లేదు. మగ వారసులు పంచుకోవడానికి నిర్ణయించేదాకా ఆగాలి. ఈ నిబంధన 23వ సెక్షనులో ఉండేది.

తండ్రి 1988లో మరణించి, అమ్మకం 1990లో జరిగిందనుకోండి. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చి కూతురికి పుట్టుకతో హక్కు ఇచ్చింది. ఇప్పుడు తండ్రికి, ముగ్గురు పిల్లలకు తలా 1/4. తండ్రి వాటా కూడా పంచితే కూతురికి మొత్తం 1/3. కాని ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి ఈ సవరణ వర్తించదు. ఆమె వాటా 1/9 దగ్గరే ఆగిపోతుంది.

తండ్రి 2008లో మరణించి, అమ్మకం 2010లో జరిగితే పెళ్లి తేదీతో పనిలేదు. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ కూతురిని కొడుకుతో సమానం చేసింది. 23వ సెక్షనును తొలగించింది. ఆమెకు 1/3. ఈ హక్కు పుట్టుకతో వచ్చినదని, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

సున్న నుంచి 1/9, అక్కడి నుంచి 1/3. ఇల్లు అదే, గోడలు అవే. బేరానికి కూర్చోవలసినవారు మారారు.

6. ఆడపడుచు సంతకం

చట్టం హక్కు ఇచ్చినంత మాత్రాన కుటుంబం దాన్ని గుర్తిస్తుందని చెప్పలేం. పెళ్లిలో కట్నం ఇచ్చాం కదా, పసుపు కుంకుమల కింద పెట్టాం కదా అన్న మాటలు మీరూ విని ఉంటారు. పుట్టింటి రాకపోకలు పోతాయన్న భయంతో హక్కు విడుదల పత్రం మీద సంతకం చేసే ఆడపిల్లలూ ఉన్నారు. వాటా అడగని కూతురు మంచిదన్న పేరు తెచ్చుకుంటుంది. ఆ పేరు విలువ ఎంతో ఏ దస్తావేజులోనూ రాయరు.

ఇక్కడ కొనేవారి పాత్ర ఆసక్తికరమైనది. వారికి ఆ ఇంటి ఆడపడుచు మీద ప్రత్యేకమైన అభిమానమేమీ ఉండదు. రేపు దావా రాకూడదన్నదే వారి చింత. అందుకే, "చెల్లెలు కూడా రిజిస్ట్రేషనుకు రావాలి" అంటారు. అన్నదమ్ములు అడగకుండా వదిలేసిన మాటను బయటివారు అడుగుతారు. 1930లో కొడుకు సంతకం కోసం పట్టుబట్టిన భయమే ఇప్పుడు కూతురి సంతకం కోసం పట్టుబడుతోంది. ఆ రోజున ఆమె సంతకానికి వచ్చే ప్రతిఫలం వాటా సొమ్మా, పట్టుచీరా అన్నది ఆ కుటుంబంలో జరిగే అసలు బేరం.

7. దస్తావేజును చదివే పద్ధతి

మీ దగ్గరున్న దస్తావేజును ఇప్పుడు మళ్లీ చూడండి. రాసి ఇచ్చినవారు ఎవరెవరు? అమ్మకానికి చెప్పిన కారణం ఏమిటి? తాకట్టు అప్పు తీర్చడానికి ధరలో కొంత నిలిపి ఉంచారా? నాలుగు హద్దుల్లో ఎవరి ఇళ్లున్నాయి? సాక్షుల్లో బంధువులు ఉన్నారా? దాయాదులు, పొరుగువారు నేటికీ దస్తావేజులో ఈ విధంగా కనిపిస్తారని గుర్తించండి.

ఒక జాగ్రత్త అవసరం. స్టాంపు సుంకం ధరను బట్టి ఉంటుంది కాబట్టి దస్తావేజులో తక్కువ ధర రాయించే అవకాశం ఉంది. అందులోని అంకెను అసలు ధరగా వెంటనే తీసుకోకూడదు. ఎవరి పేర్లున్నాయన్నది ఎంత ముఖ్యమో, ఎవరి పేర్లు లేవన్నదీ అంతే ముఖ్యం.

8. సారాంశం

కుటుంబ గృహ విక్రయంలో ధర ఒక్కటే విషయం కాదు. అమ్మే అధికారం ఎవరిదన్న ప్రశ్న దానికంటే ముందుంటుంది. మితాక్షర కాలంలో ఊరి అంగీకారం, 1856 తర్వాత కొనేవారి విచారణ, 1882 తర్వాత రిజిస్టరు దస్తావేజు, 1956 నుంచి 2005 వరకు వచ్చిన చట్టాలతో కూతురి వాటా ఈ ప్రశ్నకు కొత్త రూపాలిచ్చాయి. ఆ మార్పులన్నీ దస్తావేజులోని పేర్లలో, సంతకాల్లో నమోదయ్యాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పాత దస్తావేజుల్లో అమ్మకానికి కారణాలు వివరంగా ఎందుకు రాసేవారు?
2. విడివాటా కొన్నవారికి పూర్తి ధర ఇవ్వడం ఎందుకు లాభం కాదు?
3. పై ఉదాహరణలో తండ్రి 1988లో మరణించాడనుకోండి. కూతురికి 1975లో పెళ్లయి ఉంటే ఆమె వాటా ఎంత? 1987లో పెళ్లయి ఉంటే ఎంత?
4. మీ ఇంటి దస్తావేజు ఒకటి తీసుకుని, అందులో సంతకం ఉండవలసి ఉండి లేనివారు ఎవరైనా ఉన్నారేమో పరిశీలించి, కారణాలతో ఒక పుట రాయండి.