గోదావరి డెల్టా మిషన్

గోదావరి డెల్టా మిషన్, 19వ శతాబ్దంలో నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో నియమిత జీతం లేకుండా పనిచేసిన క్రైస్తవ సేవకుల బృందం. దీనికి మూలపురుషుడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఇతడు ఇంగ్లాండులోని ఎక్సెటర్‌లో దంతవైద్యునిగా ఉండేవాడు. బ్రిస్టల్ నగరంలో అనాథాశ్రమాలు నడిపిన జార్జి ముల్లర్ ఇతని చెల్లెలి భర్త.

ముల్లర్ తన మొదటి అనాథాశ్రమాన్ని 1836 ఏప్రిల్‌లో ప్రారంభించాడు. అదే సంవత్సరం గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జి బీర్ సతీసమేతంగా మద్రాసు చేరారు. బార్న్‌స్టేపుల్ పట్టణానికి చెందిన వీరిలో బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. వీరు మచిలీపట్నంలో తెలుగు నేర్చుకొని 1837లో నరసాపురం వెళ్ళారు.

ఎవరినీ విరాళం అడగరాదన్నది ముల్లర్ నియమం. పదివేలమందికి పైగా అనాథలను అతడు ఆ విధంగానే పోషించాడు. అడగకుండా వచ్చిన సొమ్ములోనుండి విదేశాలలోని ఇటువంటి సేవకులకు కూడా సహాయం పంపేవాడు. అయితే ఈ పద్ధతి అందరికీ అంత సులువుగా సాగలేదు. సేవకులు స్వయంకృషితో జీవించాలని తలచిన గ్రోవ్స్, చిత్తూరులో వ్యవసాయం, పట్టుపరిశ్రమ చేపట్టి అప్పులపాలయ్యాడు. 1853 మే 20న బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంటిలోనే మరణించాడు.

నరసాపురంలో మాత్రం పని కొనసాగింది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణ కాలంలో (1847–52) అక్కడి కూలీల మధ్య కూడా ఈ మిషన్ వారు బోధించారు.